మత్తుమందుల మీద వ్యాసం రాసిన చిత్తూరు కుర్రవాడికి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మత్తుమందు వాడకాన్ని నేరంగా చూడరాదని ఇరవై పుటలు రాశావు. వాక్యంలో వడి ఉంది, కోపం కూడా నిజమైనదే. అయితే మొదటి పుటలోనే నాకు అడ్డు తగిలింది. పోర్చుగల్ 2001లో మత్తుమందులను చట్టబద్ధం చేసిందన్నావు. చేయలేదు. పది రోజుల వాడకానికి మించని సరుకుతో దొరికిన మనిషిని అక్కడ కోర్టుకు కాక ముగ్గురు సభ్యుల సంఘం ముందుకు పంపుతారు. అమ్మినవాడికి ఈనాటికీ జైలే. అంగడి తెరిచి, వయసు చూసి, పన్ను వేసి అమ్మనిచ్చింది కెనడా, అది 2018లో, అదీ గంజాయి ఒక్కదానినే. వాడినవాణ్ణి జైలుకు పంపవద్దనడం ఒక వాదం, అమ్మకానికి లైసెన్సు ఇమ్మనడం మరొక వాదం. నీ వ్యాసం మొదటిదానితో మొదలై, చెప్పాపెట్టకుండా రెండోదానిలోకి జారిపోయింది.

అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం సంగతి, వాడకం నేరం కాదన్న 2020 నాటి ఓటర్ల తీర్పు దాకా రాసి ఆపావు. అదే రాష్ట్రం 2024 సెప్టెంబరు నుంచి దానిని తిరిగి నేరం చేసింది. ఆ తీర్పు అమలైనన్నాళ్లు దొరికినవాడికి వంద డాలర్ల చలానా, చికిత్స సహాయ కేంద్రానికి ఒక్క ఫోను చేస్తే అదీ మాఫీ. ఆ ఫోను చేసినవాళ్లు బహు కొద్దిమంది, చికిత్సకు కేటాయించిన సొమ్మేమో ఆలస్యంగా అందింది. నీ వాదానికి ఇబ్బంది కనుక వదిలేశావని నా అనుమానం.

మన 1985 నాటి మత్తుమందుల చట్టాన్ని నువ్వు తెరిచి చూసినట్టు లేదు. అందులో గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొనలు. విడిగా ఉన్న ఆకు, గింజ దాని కిందికి రావు, భంగు బతికిపోయింది అందుకే. తానుగా చికిత్సకు ఒప్పుకున్న వ్యసనపరుణ్ణి విచారణ నుంచి తప్పించే 64ఎ సెక్షను కూడా అందులోనే ఉంది. గంజాయి ఇరవై కిలోలు దాటితే మాత్రం పదేళ్లకు తగ్గని శిక్ష, బెయిలు రావడమూ కష్టమే. నీ ఉదాహరణలన్నీ హాస్టలు కుర్రాళ్లే. విశాఖ మన్యం నుంచి రైల్లో సంచి మోసుకొచ్చే కూలీ ఎక్కడ? వాడకం నేరం కాదని రేపు చట్టం మారినా అతని పదేళ్లు పదేళ్లే. నీ కరుణ అతని దాకా వెళితే నువ్వు అడగవలసింది రెండో వాదం. వెళ్లకపోతే ఆ మాట ఒప్పుకుని రాయి.

ఇక నీకు బాగా నచ్చినట్టున్న వాక్యం, 'నిషేధం ఎక్కడా గెలవలేదు' అన్నది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చేనాటికి నేను పలమనేరులో ఉద్యోగం చేస్తున్నాను. సాయంత్రం బస్సెక్కి, రాష్ట్రం దాటి కర్ణాటకలోని నంగలిలో దిగి, రాత్రికి తూలుతూ తిరిగొచ్చేవాళ్లను కళ్లారా చూశాను. 1997లో నిషేధాన్ని సడలించారు. ఇంతవరకు నీ వాక్యానికి నేనే సాక్షిని. కానీ ఆ నిషేధం ఆకాశం నుంచి ఊడిపడలేదు. పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయిస్తే, ఆ సెగ ఊరూరా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను ఆపవలసి వచ్చింది. సడలింపు తరువాత ఒకనాడు మేము నలుగురం మా వరండాలో కూర్చుని నిషేధం ఎందుకు ఓడిపోయిందో తర్కించుకుంటుంటే, ఇంట్లో పాచిపని చేసే ఆమె చీపురు ఆపి, "రెండేండ్లు కూలి దుడ్లు ఇంటికొచ్చినాయి సామీ" అంది. మాలో ఎవరికీ నోరు పెగలలేదు. నీ ఇరవై పుటల్లోనూ ఆమెకు జవాబు లేదు. నా దగ్గర కూడా పూర్తిగా లేదు.

నా అభిప్రాయం అడిగావు కనుక చెబుతున్నాను. వాడినవాణ్ణి జైల్లో పెట్టడం దండగ అని నమ్ముతాను. అంగడికి మాత్రం మనసొప్పదు. సారా వేలంపాటల కాలం చూసినవాణ్ణి, ఆ రాబడి రుచి మరిగిన ప్రభుత్వం దానిని వదులుకోవడానికి ఎంత తన్నుకులాడుతుందో ఎరుగుదును. ఇది నా భయం, నీ వ్యాసంలోకి ఎత్తుకోవద్దు.

మొదటి మూడు పుటలు తీసివెయ్యి. చిత్తూరు కోర్టు ఆవరణలో రెండు రోజులు కూర్చో. ఇటువంటి కేసుల వాయిదాలకు వచ్చే తల్లులు మాట్లాడితే విను, పేర్లు మాత్రం రాసుకోకు. తిరగరాసిన ప్రతితో ఏదైనా ఆదివారం రా. కపిలతీర్థం దాకా నడిచి ఏడింటికల్లా ఇల్లు చేరుతాను.