గోల్ సంగతి తర్వాత, ముందు జీతం సంగతి రాయి

అమ్మాయీ,

ఆడవాళ్ల ఐస్ హాకీ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, ఆపకుండా చదివించింది. ఆ ముక్క ఇక్కడితో సరి.

‘మంచు మీద రుద్రమ’ అని పేరు పెట్టావు. ముందు అది తీసెయ్. రుద్రమదేవికి రాజ్యం ఉంది, ఖజానా ఉంది. నువ్వు రాసిన మారీ-ఫిలిప్ పులాన్‌కు 2019 వేసవిలో ఆడటానికి లీగే లేదు. అప్పటికే ఆమె రెండు ఒలింపిక్ ఫైనల్స్‌లో కెనడాకు స్వర్ణం తెచ్చిన గోల్స్ కొట్టింది. వయసు ఇరవై ఎనిమిది. అంత పేరున్న మనిషి ఒక్కసారిగా జట్టు లేకుండా ఎందుకు మిగిలిపోయింది? నీ వ్యాసంలో ఎక్కడ వెతికినా ఈ ప్రశ్న కనపడలేదు. ‘కొన్ని ఆర్థిక ఇబ్బందులు ఎదురైనా వెనుదిరగలేదు’ అని ఒక్క వాక్యంతో దాటేశావు. నాకు కోపం వచ్చింది అక్కడే.

సోచీ ఒలింపిక్ ఫైనల్‌కు మాత్రం మూడు పేజీలు ఇచ్చావు. అది అలాంటి మ్యాచే, కాదనను. 2014 ఫిబ్రవరి 20న అమెరికా 2-0తో ముందుంది, ఆట ముగియడానికి నాలుగు నిమిషాలు కూడా లేదు. కెనడా ఒక గోల్ వేసింది. తర్వాత గోల్ కాపాడే గోలీని బయటికి పిలిచి ఆమె బదులు ఇంకో ప్లేయర్‌ను దింపితే, అమెరికా కొట్టిన పక్, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల, ఖాళీగా ఉన్న గోల్ వైపు జారుకుంటూ వెళ్లి స్తంభానికి తగిలింది. ఇంకా 54.6 సెకన్లు ఉండగా పులాన్ స్కోరు సమం చేసింది. అదనపు సమయంలో గెలిపించిన గోల్ కూడా ఆమెదే. కానీ ఇదంతా వీడియోలో ఉందమ్మా. ఎవరైనా చూసుకోవచ్చు. పైగా ‘అరవై నిమిషాలూ మెరుపులా దూసుకుపోయింది’ అన్నావు. ఐస్ హాకీలో గోలీ తప్ప ఎవరూ అరవై నిమిషాలు మంచు మీద ఉండరు. నలభై, యాభై సెకన్లు ఒళ్లు దాచుకోకుండా ఆడతారు, వచ్చి బెంచీ మీద కూలబడతారు, వాళ్ల స్థానంలో ఇంకో వరస దిగుతుంది. నువ్వు టొరంటో కొలీసియం స్టేడియంలో కూర్చుని కళ్లారా చూశావు కదా, అది రాయాల్సింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ ఆరో పేజీలో, పక్క సీట్లో కూర్చున్న ఆవిడ గురించి రెండే వాక్యాలున్నాయి. తనూ పాత లీగ్‌లో ఆడిందని, పగలంతా బ్యాంకులో పని చేసి రాత్రి తొమ్మిదిన్నరకు ప్రాక్టీసుకు వెళ్లేదని చెప్పిందట. ఆ వెంటనే నువ్వు స్కోర్‌బోర్డు వైపు తిరిగావు. ఆవిడను అక్కడే వదిలేశావు! ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ రెండు వాక్యాలే.

ఆవిడ ఆడిన ఆ కెనడా మహిళల లీగ్ 2007లో మొదలైంది. మొదటి పదేళ్లు ప్లేయర్లకు జీతమే లేదు. 2017లో మొదలుపెట్టి సీజన్‌కు రెండు వేల డాలర్ల నుంచి పది వేల దాకా ఇచ్చారు. టొరంటోలో అద్దెలు ఎంతో నీకు నేను చెప్పక్కర్లేదు. 2019 మార్చి 31న లీగ్ మూసేస్తున్నామని ప్రకటించారు. మే 2న రెండు వందల మందికి పైగా ప్లేయర్లు ఒక్క మాట మీద నిలబడ్డారు. బతకడానికి సరిపడా జీతం, ఆరోగ్య బీమా ఇచ్చే లీగ్ వచ్చేదాకా ఉత్తర అమెరికాలో ఏ లీగ్‌లోనూ ఆడమన్నారు. పులాన్ వాళ్లలో ఉంది. ఊరూరా ప్రదర్శన మ్యాచ్‌లు ఆడుకుంటూ, మంచి వయసులో నాలుగేళ్లకు పైగా అలా వదులుకున్నారు. సోచీలో ఆ 54.6 సెకన్ల కంటే నాకు ఇదే పెద్ద ఆట.

అమెరికా అమ్మాయిలు అంతకు రెండేళ్ల ముందే దారి చూపించారు. వాళ్ల హాకీ సంఘం ఒలింపిక్స్ చుట్టూ ఆరు నెలలు, నెలకు వెయ్యి డాలర్లు ఇచ్చి చేతులు దులుపుకొనేదని వాళ్లే చెప్పారు. 2017లో సొంతగడ్డ మీద ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టుకుని, ఒప్పందం కుదరకపోతే ఆడమన్నారు. సంఘం వేరేవాళ్లను దింపాలని చూసింది. కాలేజీ ప్లేయర్లకు, ఆఖరికి హైస్కూల్ పిల్లలకు కూడా కబురు వెళ్లింది. వాళ్లూ రామన్నారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల, దేశం తరఫున ఆడే అవకాశం ఇంటికొస్తే వద్దంది. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం మాట్లాడుకుని ఉంటారో ఊహించు. టోర్నీకి మూడు రోజుల ముందు ఒప్పందం కుదిరింది. ఆ టోర్నీ వాళ్లే గెలిచారు.

డబ్బు సంగతి రాస్తే ఆట గౌరవం తగ్గుతుందని మనవాళ్లకు ఒక భ్రమ. నా పాతికేళ్ల వయసులో ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా పని చేశాను. జీతం కాదు, లైన్ ఎకౌంట్. అచ్చయిన వార్తను కత్తిరించి కాగితానికి అంటించి, స్కేలు పెట్టి కొలిచి నెలాఖరుకు పంపితే ఆ సెంటీమీటర్ల లెక్కన డబ్బులొచ్చేవి. ఒకసారి మహిళల కబడ్డీ పోటీలకు వెళ్లాను. ఫైనల్ గెలిచిన జట్టు కెప్టెన్ మెడలో పతకం, మోకాలికి కట్టుతో టెంటు వెనక నిర్వాహకుల కోసం వెతుకుతోంది. తిరుగు బస్సు చార్జీలు ఎవరిస్తారో తెలియడం లేదు. చీకటి పడుతోంది, వెంట పదకొండు మంది ఆడపిల్లలు. అది రాశాను. డెస్కులో మొత్తం కొట్టేసి ‘ఉత్కంఠభరిత పోరు’ అన్న నాలుగు లైన్లు ఉంచారు. నా సెంటీమీటర్లూ పోయాయి, ఆ అమ్మాయి మాటా పోయింది. ఎందుకు తీసేశారని ఫోన్ చేస్తే, ఆటల పేజీలో చార్జీల గోల ఏమిటన్నాడు ఇన్‌చార్జి. గట్టిగా మాట్లాడానని ఆ తర్వాత చాలాకాలం నా వార్తలు పక్కన పడేశారు. ఇంట్లో బియ్యానికి కటకటలాడిన రోజులవి. ఇన్నేళ్లయినా ఆ కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

ఇప్పుడు పేజీలు మారాయి, రంగులొచ్చాయి. బుద్ధి అదే. ఎవర్ని అడిగినా ‘స్ఫూర్తిదాయకంగా రాయండి’ అంటారు. కష్టం రెండు లైన్లు, పట్టుదల నాలుగు లైన్లు, చివర జెండా. నీ వ్యాసానికి ఆ గాలి తగిలింది. కెనడా ప్లేయర్ నటాలీ స్పూనర్ గురించి ‘మాతృత్వం, ఆట ఆమెకు రెండు కళ్లు’ అని రాశావు చూడు, అదీ దానివల్లే. 2022 డిసెంబర్‌లో కొడుకును కన్నది, 2023 ఏప్రిల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడింది, 2024లో వచ్చిన కొత్త లీగ్ తొలి సీజన్లో 20 గోల్స్‌తో అందరికంటే పైన నిలిచింది. కళ్ల సంగతి వదిలెయ్. జట్టు వేరే ఊరికి వెళ్తే బిడ్డ ఎవరి దగ్గర ఉన్నాడు? పొద్దున్నే ప్రాక్టీసుంటే రాత్రి ఎవరు లేచారు? అది కనుక్కుని రాయి.

2024 జనవరి 1న టొరంటోలో మొదలైన ఆ కొత్త లీగ్‌లో మొదటి పక్ పడకముందే ఒప్పందం ఉంది. తొలి సీజన్‌కు కనీస జీతం 35 వేల డాలర్లు. ప్రతి జట్టులో కనీసం ఆరుగురికి 80 వేలకు తగ్గకూడదు. గర్భం వస్తే ప్లేయర్‌కు రక్షణలు కూడా అందులో రాసుకున్నారు. ఇదేమీ కోట్ల ఆట కాదు. కానీ ఇరవై రెండేళ్ల అమ్మాయి పొద్దున్నే ప్రాక్టీసుకు వెళ్లి, అదే నా ఉద్యోగం అని చెప్పగలుగుతోంది. అదే ఏడాది ఏప్రిల్‌లో మాంట్రియల్ బెల్ సెంటర్‌లో టొరంటోతో మ్యాచ్ చూడటానికి 21,105 మంది వచ్చారు. మాంట్రియల్ కెప్టెన్ పులానే. నీ వ్యాసంలో ఈ సన్నివేశం ఉంది కానీ, 2019 లేకపోవడంతో అది ఉత్త సంబరంలా మిగిలిపోయింది.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకంగా వేస్తారా అని అడిగావు. అవి తర్వాత.

పక్క సీటు ఆవిడను పట్టుకో. పేరు అడగలేదన్నావు. సీజన్ టికెట్ ఉన్న మనిషి అయితే అదే సీట్లో మళ్లీ దొరుకుతుంది. దొరికితే పులాన్ గురించి అడక్కు. స్టిక్ విరిగితే కొత్తది ఎవరు కొన్నారు, ప్రాక్టీసు అయ్యాక ఇంటికి ఎన్నింటికి చేరేది, మర్నాడు పొద్దున బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చుంటే ఒళ్లు ఎలా ఉండేది, దెబ్బ తగిలి సెలవు పెడితే మేనేజరు ఏమన్నాడు, ఆడటం ఎందుకు మానేసింది, ఇవి అడుగు. చెప్పనంటే వినకు. మళ్లీ వెళ్లు. కాఫీ నువ్వే కొనివ్వు.

రాశాక నాకే పంపు. ఫోన్లో తీసిన ఫొటోలు కాకుండా పెద్ద అక్షరాలతో టైపు చేసి పంపు, నాకు ఒక కన్ను సరిగ్గా ఆనడం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు