ఆడకపోయినా పూర్తి డబ్బు ఇచ్చే గ్యారంటీ కాంట్రాక్టులు న్యాయమేనా?

"గాయమై బెంచీ మీద కూర్చున్న ఆటగాడికి కోట్లు ఎందుకివ్వాలి? మనం ఆఫీసుకు నెల రోజులు పోకపోతే జీతం కోసేస్తారు కదా" అని ఒకరు అడిగారు. ముందు నా మోకాలి సంగతి చెప్తాను.

మాది పాకాల దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లప్పుడు సంక్రాంతికీ, జాతరలకీ జరిగే కబడ్డీ పోటీల్లో కూతకు వెళ్లేవాణ్ణి. ఒక పెద్దమనిషి తన జట్టుకు ఆరు పోటీలు ఆడమని మాట్లాడుకున్నాడు. కాగితం లేదు, టీ తాగి చెయ్యి కలిపామంతే. రెండో పోటీలో బోనస్ గీత తాకి వెనక్కి తిరుగుతుంటే ఎడమ పాదం మట్టిలో దిగబడింది. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. టప్పుమని చిన్న శబ్దం. నొప్పికంటే ఆ శబ్దమే నాకు బాగా గుర్తు. తిరుపతిలో ఎమ్మారై తీయిస్తే లిగమెంటు తెగిందన్నారు. ఆ పెద్దమనిషి పండ్లు తీసుకుని చూడ్డానికొచ్చాడు. ఆడిన రెండు పోటీలకు లెక్కకట్టి డబ్బు చేతిలో పెట్టాడు. మిగతా నాలుగింటి మాటెత్తితే "ఆడలేదు కదబ్బా" అన్నాడు. అప్పుడు నాకూ అది సబబుగానే తోచింది.

మా నాయనకు మాత్రం తోచలేదు. మాకు మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మావైపు చాలామంది పూత మీదే తోటను వ్యాపారికి ఇచ్చేస్తారు. ఆయన చెట్టుచెట్టూ తిరిగి చూసుకుని ధర కడతాడు. తర్వాత గాలికి కాయ రాలినా నష్టం ఆయనదే, దామలచెరువు మండీలో రేటు పెరిగినా లాభం ఆయనదే. ఒక ఏడాది పిందె సగానికి సగం రాలిపోయింది. వ్యాపారి వచ్చి అరుగు మీద కూర్చుని "కొంచెం తగ్గించుకోన్నా" అని బతిమాలాడు. నాయన కొంత తగ్గించి, మిగతాది కచ్చితంగా వసూలు చేశాడు. "వాడికి ఇరవై తోటలు, ఒకటి పోతే ఇంకోటి నిలబెడుతుంది. మనకుండేది ఇదొక్కటే" అన్నాడు. నా మోకాలి విషయంలోనూ అదే లెక్క అని అప్పుడు అర్థమైంది.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో చాలావరకు ఇలాగే నడుస్తుంది. అక్కడ పేరున్న ఆటగాడు డామియన్ లిలార్డ్‌కు 2025 ఏప్రిల్‌లో మడమ పైనుండే అకిలీస్ టెండన్ తెగింది. జూలైలో మిల్వాకీ జట్టు అతణ్ణి వదిలేసింది. కానీ మిగిలిన సుమారు 11.3 కోట్ల డాలర్లు ఎగ్గొట్టడానికి లేదు, ఐదేళ్లకు సర్ది ఇవ్వాల్సిందే. విచిత్రమేమిటంటే, ఒళ్లు అంతకంటే హూనమయ్యే అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాంట్రాక్టు మొత్తానికి గ్యారంటీ దొరకడం అరుదు. పైకి పెద్ద అంకె చెప్తారు, అందులో గట్టి డబ్బు కొంతే.

ఆ ఫుట్‌బాల్‌లోనే డెషాన్ వాట్సన్ అనే ఆటగాడు ఉన్నాడు కదా అంటారు. నిజమే. క్లీవ్‌లాండ్ జట్టు 2022లో అతనికి ఐదేళ్లకు 23 కోట్ల డాలర్లు, మొత్తం గ్యారంటీగా రాసిచ్చింది. నిషేధం, గాయాలు కలిసి మొదటి మూడు సీజన్లలో ఆడింది 19 మ్యాచ్‌లే. గ్యారంటీ దండగ అనేవాళ్లందరూ చూపేది ఇతన్నే. కానీ అతని మీద లైంగిక వేధింపుల ఆరోపణలున్నాయని తెలిసే కొన్నారు. పుచ్చు కనబడుతున్నా బుట్ట ఎత్తుకుని, ఇంటికెళ్లాక డబ్బు వెనక్కి ఇమ్మంటే ఎలా? నా మట్టుకు గాయానికి గ్యారంటీ ఉండాలి, నడవడికి అక్కర్లేదు.

ఆఫీసుతో పోలిక నాకు నచ్చదు. మనకు సిక్ లీవుంది, అరవై దాకా పని ఉంది. కబడ్డీ ఆటగాడికి ముప్పై మూడొస్తే ముసలితనమే. పవన్ సెహ్రావత్‌నే చూడండి. 2022 ప్రో కబడ్డీలో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొంటే, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయి సీజనంతా బయటే ఉన్నాడు. మరుసటి ఏడాది మన తెలుగు టైటాన్స్ 2.6 కోట్లకు పైగా పెట్టి కొన్నారు. అంత పేరున్నవాడు కాబట్టి నిలబడ్డాడు.

అసలు చిక్కు కిందివాళ్లది. రంజీలో తుది జట్టులో ఉంటే అనుభవాన్ని బట్టి రోజుకు 40 వేల నుంచి 60 వేలు, రిజర్వులో కూర్చుంటే అందులో సగం. మంచి డబ్బే, కానీ జట్టులోకి తీసుకుంటేనే. గ్యారంటీ దొరికేది ఇప్పటికే బాగా సంపాదించినవాళ్లకు, అది లేకపోతే ఇల్లు గడవనివాళ్లకు మాత్రం అందదు. న్యాయం గురించి అడగాల్సింది ఇక్కడే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు నాకు తిరుపతిలో చిన్న స్పోర్ట్స్ షాపుంది. మోకాలి క్యాపుల కోసం వచ్చే కబడ్డీ పిల్లలకు "సగం అడ్వాన్సు తీసుకోండి, మిగతాది రాయించుకోండి" అని చెప్తుంటాను. పోయిన సంక్రాంతికి ఒకడు నా బిల్లు బుక్కులోంచే కాగితం చింపుకుని "గాయమైతే సగం డబ్బు ఇవ్వవలెను" అని రాసుకుపోయాడు. జట్టాయన నవ్వి సంతకం పెట్టాడట.