నామినీ పేరు ఉంది సరే, ఆసుపత్రిలో డబ్బు ఎవరు తీస్తారు?

ప్రశ్న: నాకు 69, మా ఆవిడకు 64. పెళ్లయి 41 ఏళ్లు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను, పెన్షన్ వస్తోంది. బ్యాంకు ఎఫ్‌డీలు 22 లక్షలు, సీనియర్ సిటిజన్ పథకంలో 15 లక్షలు ఉన్నాయి. అన్నీ నా పేరు మీదే, ఆమె నామినీ. నా తర్వాత ఆమెకు అద్దె వచ్చేలా మేడ మీద రెండు గదులు వేద్దామని 6 లక్షల పెన్షన్ లోన్ తీసుకోబోతున్నాను. ఎఫ్‌డీలు కదపడం ఇష్టం లేదు. మంచిదేనా?

జవాబు: వద్దు. కానీ లోన్ కంటే ముందు ‘ఆమె నామినీ’ అన్న మీ మాట దగ్గర ఆగాలి. నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్లలో చాలామందిది ఇదే ధీమా. నామినీకి మీరు పోయాకే పని. మీరు పది రోజులు ఐసీయూలో మాట లేకుండా ఉన్నారనుకోండి. కౌంటర్‌లో అడ్వాన్స్ కట్టమంటారు. మీరు బతికే ఉన్నారు కాబట్టి నామినీగా ఆమె ఒక్క రూపాయి తీయలేరు. సంతకం పెట్టలేరు కాబట్టి మీరూ తీయలేరు. 37 లక్షలున్న ఇల్లాలు అప్పు కోసం బంధువులకు ఫోన్లు చేయాలి.

కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు, దానికి తోడు ఆసుపత్రి కోసం ఓ 4 లక్షలు ఇద్దరి పేరున సేవింగ్స్ ఖాతాలో పెట్టండి. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు) అని రాయించండి. పొరపాటున ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ దగ్గర టిక్ పెడితే, మొదటి పేరున్న మీరు ఉన్నంతకాలం ఆమె ఆ డబ్బు తాకలేరు. ఎఫ్‌డీని జాయింట్ చేసినా ఒక మెలిక ఉంది. గడువు తీరాక ఎవరైనా తీసుకోవచ్చు గానీ, మధ్యలో రద్దు చేయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. అందుకే ఈ నిధి ఎఫ్‌డీలో వద్దంటున్నాను. వడ్డీ కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఏటీఎం కార్డు ఆమె పేరున కూడా తీయించి, ఈ నెల కరెంటు బిల్లు, మందుల ఖర్చు ఆమెనే కట్టమనండి. ఇన్నేళ్లూ బ్యాంకు పని మీరే చూసుంటారు. ఆమె మొదటిసారి పిన్ నొక్కేది ఆసుపత్రి వరండాలో కాకూడదు.

ఇక లోన్. పెన్షన్ లోన్‌కు ఫ్యామిలీ పెన్షన్ రావాల్సిన భార్య చేత హామీ సంతకం పెట్టించుకోవడం మామూలే. 11 శాతం వడ్డీకి ఐదేళ్లనుకుంటే కిస్తీ నెలకు 13 వేలు. మీ పెన్షన్ చివరి జీతంలో సగం అయితే, మీ తర్వాత ఆమెకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఆ జీతంలో 30 శాతం. మీకు 67 దాటింది కనుక, కొన్నాళ్లు ఆ పెన్షన్‌ను ఎక్కువ రేటుతో ఇచ్చే వెసులుబాటు కూడా ఆమెకు దొరకదు. ఆదాయం తగ్గుతుంది, కిస్తీ తగ్గదు. అద్దె ఇద్దామని ఆమె నెత్తిన అప్పు పెడతారా? పైగా 6 లక్షలతో మొదలుపెట్టిన మేడ 6 లక్షల దగ్గర ఆగడం నేనింకా చూడలేదు. గదులు వేయాలనే ఉంటే, నిధి పక్కన పెట్టాక, గడువు తీరిన ఎఫ్‌డీతో వేయండి.

సీనియర్ సిటిజన్ పథకాన్ని కదపకండి. ఆమె ఒక్కరే నామినీ అయితే మీ తర్వాత గడువు దాకా అదే ఖాతా నడుపుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల, పెన్షనర్ల వైద్య పథకం) కార్డు ఉంటే అందులో ఆమె పేరుందో లేదో చూడండి. వీలునామా కూడా రాయండి. నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప వారసత్వం దాంతో తేలదు. తెల్ల కాగితం చాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఈ వారమే ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లండి, లోన్ ఫారం ఇంట్లో వదిలేసి.