రావిపాడులోని ‘పాడు’ అర్థం

సందేహం: మాది పశ్చిమ గోదావరి జిల్లా పెంటపాడు మండలంలోని రావిపాడు. ‘రవి’ అంటే సూర్యుడు గనుక, ఒకప్పుడు ఇక్కడ సూర్యాలయం ఉండి అది పాడుపడినందువల్ల ఈ పేరు వచ్చిందని మా బంధువులొకరు చెబుతారు. ‘పాడు’ అన్న మాట బాగాలేదు కనుక ‘రావిపురం’ అనుకుంటే తప్పేమిటని మా ఇంట్లో పిల్లలు అడుగుతున్నారు. అసలు అర్థం ఏమిటి?

సమాధానం: తెలుగులో రూపం ఒకటే అయినా అర్థాలు వేరైన రెండు ‘పాడు’లు ఉన్నాయి. ఒకటి శిథిలం, నాశనం. రెండవది ఊరు, జనావాసం. ఇది విడిగా వాడుకలోంచి తప్పుకొని ఊళ్ళ పేర్ల చివర మాత్రమే నిలిచింది. సోదర భాషల సాక్ష్యం ఇందుకు బలంగా ఉంది. తమిళంలో ‘పాడి’ అంటే పల్లె, ముఖ్యంగా పశువుల కాపరుల పల్లె. రాజరాజచోళుని (985–1014) తమిళ ప్రశస్తి ఆయన గెలిచిన దేశాలను చెబుతూ వేంగినాడుతో పాటు గంగపాడిని, నుళంబపాడిని పేర్కొన్నది. కన్నడంలో పదం మొదటి పకారం హకారమైంది కనుక, మన ‘పాలు’ వారికి ‘హాలు’ అయినట్టే, ఈ మాట ‘హాడి’ అయింది. కొడగు, మైసూరు ప్రాంతాలలో గిరిజనుల పల్లెలను నేటికీ హాడి అనే పిలుస్తారు.

మాటల వరుస కూడా ఇదే చెబుతుంది. శిథిలమైనదని చెప్పవలసినప్పుడు మనం ‘పాడు’ను ముందు పెడతాం: పాడుబావి, పాడుగుడి, పాడుకొంప. ఊళ్ళ పేర్లలో అది చివరికి వచ్చి, ముందు చెట్టో పంటో గుడో ఉంటుంది: చింతలపాడు, వేములపాడు, ప్రత్తిపాడు, ఎర్రగుడిపాడు. కడప జిల్లాలోని ఈ ఎర్రగుడిపాడులోనే 6వ శతాబ్దపు రేనాటి చోళుల తెలుగు శాసనం లభించింది. ఇన్ని ఊళ్ళూ చెట్లతో, పంటలతో సహా శిథిలమై, ఆ శిథిలత్వాన్నే పేరుగా పెట్టుకొని మళ్ళీ వెలిశాయని నమ్మడం కష్టం.

ఇక ‘రావి’ రావిచెట్టే. ‘రవి’లోని హ్రస్వం ఇక్కడ దీర్ఘం కావడానికి ఆధారమేదీ కనిపించదు. మీ మండలంలోనే ఇప్పపర్రు ఉంది. అందులో ఇప్పచెట్టు, పల్లపు నేలను తెలిపే పర్రు ఉన్నాయి. చెట్టునూ నేలనూ చూసి ఊరికి పేరు పెట్టుకున్న మనుషులు వారు. తేట తెలుగు పేరు కనిపిస్తే దాని వెనుక ఒక సంస్కృత పదాన్నీ ఒక ఆలయ కథనూ వెతకడం మనకు పాత అలవాటు; బ్రిటిషు అధికారి మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫీయతులలోనూ, అంటే ఊళ్ళవారీగా రాయించిన స్థానిక చరిత్రలలోనూ, అటువంటి కథలున్నాయి. ఊరివారి నమ్మకాలు తెలుసుకోవడానికి అవి అమూల్యమైనవి, కాని వ్యుత్పత్తికి ప్రమాణం కావు.

మీరు అడగకపోయినా మండల కేంద్రం పేరు గురించి ఒక మాట చెప్పాలి. ‘పెంట’ అంటే నేడు చెత్తకుప్ప అనే అర్థమే మనకు తోస్తుంది. నల్లమల చెంచులు మాత్రం తమ గూడేలను ఇప్పటికీ పెంటలనే అంటారు. ఆ లెక్కన పెంటపాడులోని రెండు మాటలూ మనుషులు కాపురమున్న చోటునే సూచిస్తున్నాయని నా అభిప్రాయం. వినడానికి ఇబ్బందిగా తోచే ఈ పేరు ఎంతో విలువైన పాత మాటలను కాపాడుతోంది.

‘రావిపురం’ వ్యాకరణరీత్యా తప్పు కాదు. కాని ‘నాడు’ ‘నాటి’ అయినట్టు ‘పాడు’ ‘పాటి’ అవుతుంది. రావిపాటి అన్న ఇంటిపేరు అలా రావిపాడు అన్న ఊరిపేరు నుంచి వచ్చినదే. ఈ పేరుగల ఊళ్ళు మరికొన్ని ఉన్నాయి గనుక ఆ ఇంటిపేరు వారందరూ మీ ఊరివారేనని అనలేము. అయినా ఊరిని రావిపురం చేస్తే, మీ ఊరి నుంచి వెళ్ళిన రావిపాటి వారికి తమ ఇంటిపేరులో ఉన్న ఊరు ఏదో తెలుసుకునే ఆనవాలు లేకుండా పోతుంది. అందువల్ల పేరు మార్చవద్దనే నా సలహా.