పాత డీజిల్ కారుకి ఉన్నట్టుండి పికప్ పోతోందా? అది మళ్లీ ఎలా వస్తోందో చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది: పదేళ్లు దాటిన కామన్ రైల్ డీజిల్ కారు (ఒకే గొట్టంలో ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ నిలిపి అన్ని సిలిండర్లకూ పంచే రకం), టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి ఊదేది) ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో హఠాత్తుగా లాగడం మానేస్తోంది, కాసేపటికి మళ్లీ మామూలైపోతోంది. మెకానిక్ ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) మార్చాలంటున్నారు.

దయచేసి ఇప్పుడే మార్పించకండి. ఇంజెక్టర్ పాడైతే సాధారణంగా రోజంతా తెలుస్తూనే ఉంటుంది. పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది, ఐడిల్‌లో బండి వణుకుతుంది, పొగ వస్తుంది. వచ్చి పోయే జబ్బు చాలాసార్లు పైపులోనో, క్లిప్పులోనో, ఫిల్టర్‌లోనో, వైరింగ్ కప్లర్‌లోనో (వైర్లు కలిసే ప్లగ్గు) దొరుకుతుంది.

పవర్ ఎలా పోయిందనేది అందరూ చెబుతారు. మళ్లీ ఎలా వచ్చిందో గమనించేవాళ్లు తక్కువ, కానీ అసలు ఆచూకీ అక్కడే ఉంది. తాళం ఆఫ్ చేసి వెంటనే ఆన్ చేస్తే పవర్ వచ్చిందంటే, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఏదో తేడా గుర్తించి బండిని లింప్ మోడ్‌లో (ఇంజిన్‌ని కాపాడటానికి పవర్ తగ్గించే స్థితి) పెట్టిందన్నమాట. అప్పుడు చాలా కార్లు 3000 ఆర్‌పీఎం దాటవు, టర్బో ఊదదు. వెంటనే ఆఫ్ ఆన్ చేస్తే రాకుండా, ఐదు పది నిమిషాలు ఇంజిన్ ఆపి ఉంచితేనే వస్తోందంటే డీజిల్ అందడం లేదని అనుమానించాలి. ట్యాంకులోని జాలికి అంటుకున్న చెత్త, ఇంజిన్ ఆగగానే కిందికి జారిపోతుంది. మళ్లీ కొన్ని కిలోమీటర్లు వెళ్లాక వచ్చి అంటుకుంటుంది. ట్యాంకు మూత తెరిచినప్పుడు గాలి బలంగా లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి బాగా లాగితే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయింది. ఖర్చు లేని పరీక్ష కాబట్టి దీన్ని అన్నిటికన్నా ముందు చేయండి.

రెండో ఆచూకీ పొగ. పవర్ పోయిన క్షణంలో వెనక నల్లగా దట్టంగా వస్తే డీజిల్ అందుతోంది, గాలి చాలడం లేదు. అంటే టర్బో హోసులు, ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), ఎయిర్ ఫిల్టర్ వైపు వెళ్లాలి. పొగే లేకుండా నీరసంగా ఆగిపోతే ఎక్కువగా డీజిల్ తగ్గినట్టో, ఈసీయూ కావాలని తగ్గించినట్టో.

డీజిల్ వైపు మొదలుపెడితే, ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే ముందు అది మార్చేయండి. పాత ఫిల్టర్ పారేయకుండా, అడుగున ఉన్నదంతా గాజు సీసాలోకి వంపి పావుగంట కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరే పొరగా తేలిగ్గా కనిపిస్తాయి. తర్వాత డీజిల్ పైపులోకి ఎయిర్ పడుతోందేమో చూడాలి. ఫిల్టర్‌కీ హై ప్రెషర్ పంపుకీ మధ్య డీజిల్‌కి తట్టుకునే పారదర్శకమైన హోస్ ముక్క ఒక అడుగు పొడవున బిగించి, ఇంజిన్ 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి చూడండి. ఫిల్టర్ మార్చిన కాసేపు చిన్న బుడగలు పోవడం మామూలే. ఐదు నిమిషాల తర్వాత కూడా ఆగకుండా బుడగల దారం పరిగెడుతుంటే ఎక్కడో ఎయిర్ లాగుతోంది. పంపు తనే ట్యాంకు నుంచి పీల్చుకునే కార్లలో ఈ లీకు బయటికి కారదు, నేలమీద చుక్క పడదు. అందుకే చాలామంది దీన్ని దాటేస్తారు. ఫిల్టర్ మూత సీలు, క్విక్ కనెక్టర్లలోని ఓ-రింగులు, చేతి ప్రైమర్ పంపు, గట్టిపడిన రబ్బరు పైపుల చివర్లు చూడండి. ట్యాంకులోనే పంపు ఉన్న కార్లలో మాత్రం పైపులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి లీకు తడిగా బయటికే కనిపిస్తుంది.

ట్యాంకు జాలి మీద అనుమానం ఉంటే (ట్యాంకులో పంపు లేని కార్లలోనే) ఫిల్టర్ దగ్గర ఫీడ్ పైపు విప్పి, ట్యాంకు మూత తెరిచి, తక్కువ ప్రెషర్‌తో గాలిని ట్యాంకు వైపు ఊదండి. దీనితో కొన్ని రోజులు బాగుండి మళ్లీ మొదలైతే రోగం దొరికినట్టే. ట్యాంకు దించి కడిగించాలి.

గాలి వైపు ఎక్కువగా మోసం చేసేది ఇంటర్‌కూలర్ (టర్బో ఊదే గాలిని చల్లబరిచేది) హోస్. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు చీలిక మూసుకునే ఉంటుంది, బూస్ట్ (టర్బో ఊదే గాలి ప్రెషర్) పెరిగితేనే నోరు తెరుస్తుంది. చేత్తో కిందివైపు తడిమి చూడండి. నూనె, మసి కలిసిన జిగురు ఒకే చోట గీతలా తగిలితే అక్కడ పైపు వంచి చూడండి, పగులు కనిపిస్తుంది. తర్వాత వాక్యూమ్. వాక్యూమ్‌తో నడిచే వేరియబుల్ టర్బో (లోపలి వేన్లు, అంటే రెక్కలు, కదిలే రకం) అయితే, చాలా కార్లలో ఇంజిన్ స్టార్ట్ కాగానే యాక్చువేటర్ రాడ్ (ఆ వేన్లని కదిపే కడ్డీ) లోపలికి లాక్కోవాలి, ఆపగానే తిరిగి జారాలి. చేతి వాక్యూమ్ పంపు తగిలించి లాగితే రాడ్ మధ్యలో తట్టుకోకుండా సాఫీగా కదలాలి, లాగి వదిలాక పంపు మీటరు సూది పడిపోకూడదు. సూది పడిపోతే డయాఫ్రం చిరిగింది. రాడ్ మధ్యలో తట్టుకుంటే లోపలి వేన్లకు మసి పట్టింది. ఈ మసి వల్లే బూస్ట్ అవసరానికి మించి పోయి ఈసీయూ పవర్ కోసేస్తుంది. టర్బో మార్చమనే ముందు సన్నటి వాక్యూమ్ గొట్టాలు, సోలినాయిడ్ (ఆ వాక్యూమ్‌ని అదుపు చేసే కరెంటు వాల్వ్) చూడమనండి. ఆ గొట్టాలు ఇంజిన్‌కి ఆనుకున్నచోట అరిగి చిల్లులు పడతాయి.

స్కానర్‌లో కోడ్ లేదని ఊరుకోవద్దు. లైవ్ డేటా రికార్డు చేయాలి, అదీ బండి నడుస్తూ, పక్కన ఇంకొకరు కూర్చుని. రైల్ ప్రెషర్ కావలసింది ఎంత, వస్తున్నది ఎంత, బూస్ట్ కావలసింది, వస్తున్నది, ఎయిర్ మాస్, యాక్సిలరేటర్ పెడల్ శాతం. ఈ ఆరు గీతలు చాలు. పవర్ పోయిన క్షణంలో ముందుగా ఏ గీత విరిగిందో అదే దారి. రైల్ ప్రెషర్ ముందు పడితే (కోడ్ పడితే పీ0087) డీజిల్ వైపు, బూస్ట్ తగ్గితే (పీ0299) లేదా మించితే (పీ0234) టర్బో వైపు. పెడల్ గీతే ఎగుడుదిగుడుగా ఉంటే పెడల్ సెన్సార్.

ఎయిర్ మాస్ సెన్సార్‌ని లెక్కతో పట్టుకోవచ్చు. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 500 సీసీ, అంటే టర్బో సాయం లేకుండా నిండా పీల్చినా స్ట్రోక్‌కి 600 మిల్లీగ్రాములు. ఫుల్ యాక్సిలరేషన్‌లో టర్బో ఊదుతున్నప్పుడు ఇది 900 దగ్గరకో ఆ పైకో పోవాలి. బూస్ట్ సరిగా ఉండి, ఎయిర్ మాస్ మాత్రం 600 దగ్గరే ఆగితే ముందు సెన్సార్‌ని అనుమానించండి. బూస్ట్ సెన్సార్‌ని కూడా నమ్మే ముందు ఇంజిన్ ఆపి కీ ఆన్ చేసి చూడండి. సముద్రమట్టం దగ్గర సుమారు 1000 మిల్లీబార్లు చూపాలి. పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టేది) ఉన్న కారైతే దాని ముందు వెనకల ప్రెషర్ తేడా అదే స్థితిలో సున్నా దగ్గర ఉండాలి.

గుంత వచ్చినప్పుడో, ఇంజిన్ బాగా వేడెక్కాకో మాత్రమే జరిగితే వైరింగ్. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా కప్లర్లను ఒక్కొక్కటీ మెల్లగా కదిపి చూడండి. స్టార్టర్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య వోల్ట్ మీటరు అర వోల్టు చూపిస్తే ఎర్త్ వైరు విప్పి శుభ్రం చేయాలి.

ఇవన్నీ అయ్యాకే ఇంజెక్టర్లు. అప్పుడూ మార్చే ముందు రిటర్న్ (ఇంజెక్టర్ వెనక్కి వదిలే డీజిల్) పరీక్ష చేయించండి. నాలుగింటి రిటర్న్ పైపులు నాలుగు కొలత సీసాల్లోకి పెట్టి, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడపాలి. మూడు సమానంగా ఉండి, మిగిలిన ఒక్కటి మాత్రం వాటికి రెండు మూడు రెట్లు నిండితే దోషి అదొక్కటే, నాలుగూ మార్చక్కర్లేదు. ఇంజిన్ నడుస్తుండగా స్టీలు హై ప్రెషర్ పైపుల నట్లు ఎవరినీ వదులు చేయనివ్వకండి. ఆ ప్రెషర్ 1000 బార్లు దాటగలదు, సన్నటి ధార చర్మంలోకి దిగిపోతుంది. అలా దిగితే చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇంకొక్కటి. విప్పిన పాత డీజిల్ ఫిల్టర్ కాగితాన్ని కోసి వెలుతురులో తిప్పి చూడండి. వెండి పొడిలా మెరిస్తే హై ప్రెషర్ పంపు లోపల అరుగుతోంది. అప్పుడు పంపు ఒక్కటే మార్చితే సరిపోదు, ఆ పొడి రైల్‌లోకి, ఇంజెక్టర్లలోకి, రిటర్న్ ద్వారా ట్యాంకులోకి కూడా చేరి ఉంటుంది. అది తేలేవరకు బండి నడపకండి.