బోమ్ జీసస్ గోడలకు సున్నం ఏమైంది?

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు గోవా వెళ్లాం. పాత గోవాలో మిగతా పెద్ద చర్చిలు తెల్లగా మెరుస్తుంటే, బోమ్ జీసస్ బసిలికా ఒక్కటే ఎర్రగా రాళ్లు తేలి ఉంది. మొదటి నుంచీ అలాగే కట్టారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: లేదమ్మా, అదీ ఒకప్పుడు తెల్లటి చర్చే. 1594లో మొదలుపెట్టి 1605లో ప్రతిష్ఠ చేశారు. మూడు వందల ఏళ్లకు పైగా దాని గోడలు సున్నపు గచ్చు కింద భద్రంగా ఉన్నాయి. 1950లలో, ఇంకా పోర్చుగీసు పాలన ఉండగానే, బాల్తజార్ కాస్ట్రో అనే పోర్చుగీసు నిపుణుడు చర్చి మరింత పాతదిగా కనబడాలని ఆ గచ్చంతా ఒలిపించేశాడు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే పని అది.

ఎందుకంటే ఆ రాయి లాటరైట్. తవ్వేటప్పుడు మెత్తగా ఉంటుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. కానీ ఒళ్లంతా చిల్లులే. గోవాలో ఏటా దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన. నేను ఒకసారి ఆగస్టులో వెళ్లి పక్కగోడ మీద చెయ్యి వేశాను. చెమ్మగా ఉంది. చెయ్యి తీసి చూస్తే వేళ్లకు ఇటుకపొడిలా ఎర్రటి మట్టి! మా తాతగారింటి గోడలకు బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి నూరిన గానుగ సున్నం పూశారు. ఎన్ని తుఫాన్లొచ్చినా గోడ లోపలికి చుక్క దిగలేదు. పాతకాలం మేస్త్రీలు సున్నం పూసింది అందానికని అనుకుంటే పొరపాటు.

ముందువైపు చెక్కడాలున్న రాయి మాత్రం వేరు. అది ముంబై దగ్గరి వసాయి నుంచి తెప్పించిన నల్లరాయి. పైన దేవదూతల మధ్య ఐ.హెచ్.ఎస్. అనే ఇంగ్లిషు అక్షరాలు చూసే ఉంటారు. యేసు పేరును సూచించే ఆ అక్షరాలు జెసూట్లనే కేథలిక్ సన్యాసుల సంఘం గుర్తు.

లోపల జెసూట్ మతప్రచారకుడు సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పార్థివదేహం ఉన్న వెండి పేటిక గోవా కంసాలుల పని. దాని కింది పాలరాతి పీఠాన్ని ఇటలీలోని టస్కనీ పాలకుడు మూడో కోసిమో పంపాడు. ఫొగ్గీని అనే ఫ్లోరెన్స్ శిల్పి పదేళ్లు చెక్కితే, 1698లో ఇక్కడ నిలబెట్టారు. అంతటి పనితనానికి కాపలా ఉన్నవి ఆ తడి గోడలే అని తలుచుకుంటే నాకు టెన్షన్ గానే ఉంటుంది.

ఎరుపే దాని అందం అని చాలామంది అంటారు. డెబ్బై ఏళ్లుగా అలా చూసి అలవాటైపోయింది. నా మట్టుకు మళ్లీ సున్నపు గచ్చు వెయ్యాలనే అంటాను. అది కూడా సిమెంటు కలపకుండా. సిమెంటు వేస్తే లోపలి చెమ్మ బయటికి రాదు.

రోడ్డుకు అవతల సె కెథడ్రల్ ఉంది కదా, ఇప్పటికీ సున్నంతో తెల్లగా! మీ ఫొటోల్లో ఆ రెండు చర్చిలనూ పక్కపక్కన పెట్టి, గోడల మూలలు పెద్దవి చేసి చూడండి.