రాత్రిపూట ఫ్రిజ్ ముందు నిలబడకు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నీ ఏ1సీ, అదే మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 5.9 వచ్చిందని చెప్పాడు. ఇంకా షుగర్ కాదు కానీ గట్టు మీద ఉన్నావని డాక్టరు అన్నాడట కదా. ఎవరూ చెప్పకుండానే నువ్వే పది కిలోలు తగ్గాలని పట్టుబట్టావట. వినగానే నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. నీ వయసులో నాకు ఆ బుద్ధి లేదు. ఆ తర్వాత మీ నాన్న ఇంకో మాట అన్నాడు: "అన్నం పూర్తిగా మానేసిందట, రాత్రిళ్ళు చీజ్ తిని పడుకుంటోందట." అంతే, ఇక నాకు నిద్ర లేదు. పొద్దున్నే ఐదింటికి లేచి ఇది రాస్తున్నాను. ఫోన్‌లో చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే రెండోసారైనా చదువుతావు.

నడవమనీ, కూల్ డ్రింకులు మానమనీ, వేళకి నిద్రపొమ్మనీ చెప్పను. అవన్నీ నీకు తెలుసు.

చీజ్ సంగతి మాత్రం చెప్పాలి. నువ్వు ఉద్యోగానికి వచ్చింది విస్కాన్సిన్‌కి. అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ ఇంత చీజ్ తయారు కాదు. ఇక్కడి కార్ల నంబర్ ప్లేట్ల మీదే 'అమెరికాస్ డెయిరీల్యాండ్' అని రాసి ఉంటుంది. కోల్బీ చీజ్ పుట్టింది 1885లో, ఇక్కడి కోల్బీ అనే ఊరి దగ్గరే. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి చీజ్ ముక్క ఆకారంలో టోపీలు పెట్టుకుని వెళ్ళే జనం వీళ్ళు. ఆఫీసులో, బార్లో, పక్కింట్లో, ఎక్కడికి వెళ్ళినా ముందు చీజ్ ప్లేటే వస్తుంది. ఇలాంటి చోట చీజ్ ముట్టకుండా బతకమని నేను అనను. ఏది తినాలో, ఎంత తినాలో తెలుసుకుని తినమంటాను.

ముందు ఒక చిన్న వంటింటి త్రాసు కొనుక్కో. ప్యాకెట్ వెనక ఉన్న లెక్కలన్నీ ఒక ఔన్సుకి, అంటే 28 గ్రాములకి రాస్తారు. ఇక్కడ అందరూ తినే చెడార్ అనే గట్టి చీజ్ 28 గ్రాములంటే నీ బొటనవేలంత ముక్క. అందులో 115 క్యాలరీలు, తొమ్మిది గ్రాముల పైన కొవ్వు, ఏడు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటాయి. కంటి చూపుతో కొలిస్తే తప్పుతావు. నేను ఎలా తప్పానో చెప్తాను, విను.

2004లో అమెరికా అంతా పిండి పదార్థాలు మానేసే డైట్ పిచ్చిలో ఉంది. అన్నం వద్దు, రొట్టె వద్దు, చీజ్ మాత్రం ఎంతైనా తినొచ్చు అని ఎక్కడ చూసినా అదే మాట. అప్పుడు నేను ఒక ల్యాబ్‌లో రాత్రి షిఫ్ట్ చేసేదాన్ని. మీ మావయ్య ప్రాజెక్టు పని మీద వేరే రాష్ట్రంలో ఉండేవారు. ఒంటరి ఇల్లు, బయట నడుంలోతు మంచు. బరువు 78 కిలోలకి వచ్చింది. నేనూ అన్నం మానేశాను. బియ్యం డబ్బా తీసుకెళ్ళి తెలిసినవాళ్ళకి ఇచ్చేశాను. పెరుగు తోడు పెట్టడం కూడా మానేశాను. అన్నమే లేనప్పుడు పెరుగు ఎందుకనుకున్నాను.

మొదటి మూడు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాను. అందులో ఎక్కువ భాగం ఒంట్లో నీరేనని ఎవరైనా చెప్పుంటే బాగుండేది. ఎంత సంబరపడ్డానో! తర్వాత తగ్గడం ఆగిపోయింది. అయినా నా డైట్ మీద నాకు అనుమానం రాలేదు. నాలోనే లోపం ఉందనుకుని పగటిపూట తిండి ఇంకా తగ్గించాను. తెల్లవారుజామున ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా ఫ్రిజ్ తలుపు తీసేదాన్ని. తురిమిన చెడార్ సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు, ఇంకో గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. మధ్యమధ్య ఆవకాయ సీసాలో స్పూను ముంచి నాకేదాన్ని. కూర్చోలేదు, ప్లేటు పెట్టుకోలేదు, దీపం కూడా వేసుకోలేదు. ఆ ఫ్రిజ్ వెలుతురే చాలనుకునేదాన్ని. అలా నాలుగు నెలలు గడిచాయి.

మీ నాయనమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. మొదటి మాటే "అన్నం తిన్నావా అమ్మా?" "తిన్నానమ్మా, పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు" అని వరసగా చెప్పేదాన్ని. అబద్ధం. మా అమ్మతో తిండి గురించి అబద్ధం చెప్పిన రోజులు అవొక్కటే. ఇప్పుడు ఆవిడ లేదు. ఎప్పుడు తలుచుకున్నా అదే గుర్తొస్తుంది.

ఏప్రిల్‌లో కాళ్ళు వాచాయి. చెప్పులు పట్టలేదు. క్లినిక్‌కి వెళ్తే బీపీ 158 మీద 98. అక్కడ నర్సు ఒకావిడ, పెద్ద వయసావిడ, నన్ను తిట్టలేదు. ఒక కాయితం ఇచ్చి, "వారం రోజులు నువ్వు తినేది తూచి రాయి, తగ్గించొద్దు, రోజూ తిన్నట్టే తిను" అంది. ఇంటికెళ్ళి మొదటిసారి ఆ గుప్పెళ్ళు తూచాను. ఒక్క రాత్రికి 120 గ్రాములు! చిన్న పిడికెడే కదా అనుకున్న తిండిలో ఐదువందల క్యాలరీలకి దగ్గరగా ఉన్నాయి. ఉప్పులో ఉండి బీపీ పెంచే సోడియం ఏడువందల మిల్లీగ్రాములు దాటింది. ఆవకాయ అందులో కలపలేదు.

ఆ కాయితం చూసి నర్సు ఒకటే అడిగింది: "ఈ చీజ్ తింటున్నప్పుడు నీకు నిజంగా ఏం తినాలనిపిస్తోంది?" సమాధానం చెప్పబోతే గొంతు పట్టేసింది. నాకు కావాల్సింది చల్లటి పెరుగన్నం. అంతే బుజ్జీ! పాలవాసన, పులుపు, ఉప్పు, మెత్తదనం, వీటన్నిటి కోసం ప్రాణం కొట్టుకుంటోంది. ఆ ఆకలిని చెడార్‌తో తీర్చాలని చూశాను, అది తీరలేదు. అందుకే చెయ్యి మళ్ళీ మళ్ళీ సంచిలోకి వెళ్ళేది. ఆ సాయంత్రమే ఐదు పౌండ్ల బియ్యం కొన్నాను.

తర్వాత నేను చేసింది పెద్ద విద్యేం కాదు. రాత్రి ఒక చిన్న కప్పు అన్నం, రెండు శాతం కొవ్వున్న పాలతో తోడుపెట్టిన పెరుగు కప్పున్నర, పక్కన నిండా కూర. చీజ్ రోజుకి ఒకసారే, 28 గ్రాములు, మధ్యాహ్నం, కూర్చుని. ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గాను. నీకు అన్నం ఎంత తినొచ్చో డైటీషియన్‌ని అడుగు. షుగర్ గట్టు మీద ఉన్నావు కాబట్టి అది నేను చెప్పకూడదు. కానీ పూర్తిగా మానేసి, ఆ లోటుని చీజ్‌తో పూడ్చకు.

ఇప్పుడు ఏ చీజ్ అంటావా? నా ఓటు చిల్లులు చిల్లులుగా ఉండే స్విస్ చీజ్‌కి. నవ్వకు, కారణం ఉంది. మీ తాతయ్యకి 1998లో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయాక ఆరేళ్ళు ఎడమచేత్తో అన్నం కలుపుకున్నారు. మీ నాన్నకీ నాకూ బీపీ ఉంది. నీకు ముప్పై నిండలేదు కానీ రక్తం మాదే. అందుకే చీజ్ కొనేటప్పుడు అందరూ కొవ్వు చూస్తే నేను ముందు సోడియం చూస్తాను. ఔన్సు చెడార్‌లో 180 మిల్లీగ్రాములు ఉంటుంది. ఫెటాలో, పార్మజాన్‌లో మూడువందల చుట్టూ ఉంటుంది. శాండ్‌విచ్‌లో పెట్టే ప్రాసెస్డ్ చీజ్‌లో ఇంకా ఎక్కువ. స్విస్‌లో యాభై, అరవై మాత్రమే. స్విస్‌లో ఆ చిల్లులు వేసే బ్యాక్టీరియాకి ఉప్పు పడదు, అందుకని తయారుచేసేవాళ్ళు ఉప్పు తక్కువ వేస్తారు. ఇది న్యూగ్లారస్‌లో ఒక చీజ్ కొట్టాయన నాకు చెప్పాడు. 1845లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరది. మా మేడిసన్‌కి ముప్పావుగంట. నువ్వొస్తే తీసుకెళ్తాను. రోజు మొత్తానికి సోడియం రెండువేల మిల్లీగ్రాములు దాటనివ్వకు. పచ్చడి వేసుకున్న పూట చీజ్ వద్దు. ఈ ఒక్కటి మాత్రం నా మాట విను.

స్విస్ రుచి నచ్చకపోతే బాగా మాగిన చెడార్ తీసుకో, కనీసం రెండేళ్ళది. ఘాటుగా ఉంటుంది, పంటికింద చిన్న పలుకులు తగులుతాయి, కొంచెంతోనే నోరు నిండుతుంది. కొంత వెన్న తీసిన పాల మొజరెల్లా కూడా మంచిదే, ఔన్సుకి ఎనభై క్యాలరీల దగ్గరే. కాటేజ్ చీజ్ అరకప్పులో పన్నెండు గ్రాముల పైనే ప్రొటీన్ ఉంటుంది, ఉప్పు తక్కువ వేసినదే వెతికి కొను. మామూలుదైతే నాలుగువందల దాకా సోడియం ఉంటుంది. దానిమీద మిరియాల పొడి, కీర ముక్కలు వేసుకుంటే పెరుగు పచ్చడిలా బాగుంటుంది. క్రీమ్ చీజ్‌ని చీజ్ లెక్కలో వేయకు. ఔన్సుకి వంద క్యాలరీలు, ప్రొటీన్ రెండు గ్రాములు కూడా ఉండదు.

కొవ్వు పూర్తిగా తీసేసిన చీజ్ జోలికి వెళ్ళకు. కరగదు, రుచి ఉండదు, తిన్న తృప్తి లేక ఇంకేదో వెతుక్కుంటావు. తురిమిన సంచులు కూడా వద్దు. గడ్డ కొని నువ్వే తురుముకో. సన్నగా తురిమితే 28 గ్రాములే ప్లేటు నిండా కనిపిస్తాయి. శుక్రవారాలు బార్లలో వేయించిన కర్డ్స్ పెడతారు (పెరుగు కాదు, గడ్డగా అదమకముందు ఉండే చీజ్ ముక్కలు), అవి నూనెలో వేగిన చీజ్ బజ్జీలు. వాటి బదులు తాజా కర్డ్స్ తిను, పళ్ళ కింద కీచుమంటాయి. ఆ చప్పుడు ఒకటి రెండు రోజులే. క్యాలరీలు మాత్రం చెడార్‌తో సమానం, తూచుకోవాల్సిందే.

ఇంకో మాట, ఇది మీ నాయనమ్మ తరఫున. మనం శాకాహారులం. చాలా చీజ్‌లు గడ్డకట్టించడానికి రెన్నెట్ వాడతారు, కొన్నిట్లో అది దూడ కడుపులోంచి తీసినది. ఇటలీ పార్మిజానో రెజ్జానో అయితే దూడ రెన్నెట్‌తోనే చేయాలని వాళ్ళ నియమం. ప్యాకెట్ మీద ఉత్త 'ఎంజైమ్స్' అని ఉంటే అది దేనిదో తెలియదు. 'మైక్రోబియల్' (సూక్ష్మజీవుల నుంచి తీసినది) అనో 'వెజిటేరియన్' అనో రాసి ఉన్నది చూసుకో. ఆరేళ్ళు తిన్నాక నాకు తెలిసింది. తెలిసిన రోజు దేవుడి ముందు కూర్చుని ఏడ్చాను. నీకు పట్టింపు లేకపోతే నీ ఇష్టం, కానీ తెలియక తినకు.

పనీర్ ఇంట్లోనే చేసుకో. అర గ్యాలన్ రెండు శాతం పాలు కాచి, నిమ్మకాయ పిండి విరగ్గొట్టి, గుడ్డలో వడకడితే పావుకిలోకి కాస్త తక్కువ వస్తుంది. చిటికెడు ఉప్పు కూడా అక్కర్లేదు, రెన్నెట్ బాధ లేదు. కొట్లో దొరికే పనీర్ వంద గ్రాములకి మూడువందల క్యాలరీలు ఉంటుంది, చూసుకుని తిను.

మొన్న ఆఫీసులో కళ్ళు తిరిగాయట కదా? ఆ సంగతి మీ నాన్న నోటి ద్వారా తెలియడం నాకు బాధేసింది. ఎనభై మైళ్ళ దూరంలో సొంత మేనత్తని పెట్టుకుని, తెనాలికి ఫోన్ చేసి చెప్తావా? ఇంకెప్పుడైనా అలా అయితే ముందు ఏదైనా తిని, కూర్చుని, నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా సరే. నేను కారేసుకుని వస్తాను.

ఈ శనివారం బస్సెక్కి రా. ఇక్కడి క్యాపిటల్, అదే రాష్ట్ర శాసనసభ భవనం, చుట్టూ జరిగే రైతుల సంతకి వెళ్దాం. 1972 నుంచి నడుస్తోంది, చేసినవాళ్ళే నిలబడి అమ్ముతారు. ముక్క రుచి చూపిస్తారు, అన్నీ అడిగి కొందాం. స్వెట్టర్ తెచ్చుకో, పొద్దున్న చలిగా ఉంటుంది. నీకోసం త్రాసు ఒకటి కొని పెట్టాను. మీ మావయ్య పెరుగు తోడు గిన్నె కూడా బయటికి తీశారు, సోమవారం వెళ్ళేటప్పుడు తోడు పట్టుకెళ్ళు.

ఈ రాత్రి పడుకునే ముందు ఏం తిన్నావో నాకు మెసేజ్ పెట్టు. తినకపోతే తినలేదనే పెట్టు.

నీ అత్త,
మేడిసన్